మంచులో కోతి, వేడినీళ్ళలో కోతి



ఈ చలికాలంలో మన సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫొటో పదేపదే వచ్చింది. చుట్టూ తెల్లని మంచు, నడుమ ఆవిరి లేస్తున్న నీటిగుంట, అందులో మెడదాకా మునిగి కళ్ళు మూసుకున్న కోతులు. ఎర్రని ముఖాలు, నెత్తిన మంచు. కింద ఎవరో రాసిన మాట: "చలికి వణికే కోతికి కూడా దేవుడు వేడినీళ్ళు సిద్ధపరచాడు." పాతికమందికి పైగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. సంఘ పెద్దల్లో ఒకాయన మాత్రం, "మా వేరుశనగ చేలో పడే కోతులకు కూడా అలాంటి గుంట ఎక్కడన్నా ఉంటే చూపించండి అయ్యగారూ, బండి కట్టి పంపిస్తాం" అని వాయిస్ మెసేజ్ పంపారు. అందరం నవ్వుకున్నాం. కాని ఈ వారం మేము రాయదలచింది ఆ ఫొటో గురించీ, ఆ వేరుశనగ చేను గురించీనే. అవి రెండూ ఒకే సంగతి అని మా అభిప్రాయం.

ఫొటో నిజమైనదే. దాని కింద రాసిన మాటే సగం నిజం. నీళ్ళు భూమిలోంచి వేడిగా ఉబికి వచ్చేవే. కోతిని ఆ నీళ్ళ దగ్గరికి రప్పించింది మాత్రం మనిషి. అది ఎలా జరిగిందో తెలిస్తే ఆ ఫొటో చూసే కళ్ళు మారతాయి.

ఆ చోటు జపాన్‌లోని నాగానో ప్రాంతంలో, యామనోఉచి అనే ఊరి దగ్గరి కొండలోయ. పేరు జిగోకుదాని. అంటే నరకపు లోయ! భూమి పగుళ్ళలోంచి ఆవిరీ, మరిగే నీళ్ళూ తన్నుకొస్తాయి గనుక పూర్వులు ఆ పేరు పెట్టారు. నరకం అని పేరు పెట్టుకున్న చోట కోతులు హాయిగా కూర్చుంటే దాన్ని పరలోక సౌఖ్యానికి గుర్తుగా మనం పంచుకుంటున్నాం, చూడండి. సముద్రమట్టానికి 850 మీటర్ల ఎత్తు. ఏడాదిలో సుమారు నాలుగు నెలలు నేల మంచు కిందే ఉంటుంది. చలి సున్నాకు పది డిగ్రీలు దిగువకు పోవడం అక్కడ మామూలు.

ముందుగా మనం గ్రహించవలసింది ఒకటి ఉంది. ఆ కోతి బ్రతకడానికి ఆ గుంట అక్కర లేదు. జపాన్ కోతుల్లో అత్యధికం ఏనాడూ వేడినీళ్ళు చూడనివే. వాటికి మరీ ఉత్తరాన ఉన్న నివాసం షిమోకితా ద్వీపకల్పం. మన కాశ్మీరం కంటే కూడా ఎంతో ఉత్తరాన, 41 డిగ్రీల అక్షాంశం దాటి. మనిషిని పక్కన పెడితే, భూమి మీద అంతకంటే ఉత్తరాన అడవిలో సొంతంగా బ్రతికే కోతిజాతి ప్రాణి మరొకటి లేదు. అక్కడ వాటికి స్నానం చేయించేవారు లేరు, ఆపిల్ ముక్కలు విసిరేవారు లేరు.

మరి ఎలా బ్రతుకుతున్నాయి? మన వైపు కోతి తోక మూరెడు ఉంటుంది. దాని తోక జానెడు కూడా ఉండదు. చలికి గడ్డకట్టిపోయే భాగం ఎంత తక్కువైతే అంత మేలు కదా. ఒంటి మీద వెంట్రుక దట్టం. చలి ఎక్కువ ఉన్న ప్రాంతపు కోతికి బొచ్చు మరింత దట్టంగా ఉంటుంది. ఆకురాలే కాలంలో ఓక్ గింజలు, బీచ్ గింజలు, అడవి పండ్లు కడుపునిండా తిని ఒళ్ళు చేస్తాయి. మంచు పడ్డాక తినడానికి మిగిలేవి చెట్టు బెరడు, కొమ్మల చివరి మొగ్గలు. అది ఆకలి తీర్చే తిండి కాదు, ఆకలిని వాయిదా వేసే తిండి. చలికాలమంతా ఒంట్లో దాచుకున్న కొవ్వు కరుగుతూ ఉంటుంది. వసంతం ఆలస్యమైన ఏడు ముసలివీ, పిల్లలూ రాలిపోతాయి.

ఇక పిల్లల సంగతి. జతకట్టేది ఆకురాలే కాలంలో, ఈనేది వసంతంలో. అంటే పుట్టిన పిల్లకు తొలి మంచు పడేలోగా ఎండాకాలం అంతా చేతిలో ఉంటుంది. ఏ నెలలో విత్తితే ఏ నెలలో వాన అందుతుందో లెక్కవేసే రైతుకు ఈ సంగతి మేము వేరే చెప్పనక్కర లేదు.

రాత్రిళ్ళు, గాలి కోసే పగళ్ళు అవి ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దగా కూర్చుంటాయి. జపాన్ వాళ్ళు దీనికి 'సారుదాంగో' అని పేరు పెట్టారు. సారు అంటే కోతి, దాంగో అంటే పిండి ఉండ. కోతుల ఉండ అన్నమాట. షోదోషిమా అనే దీవిలో ఒక్కో ఉండలో వందకు పైగా కోతులు కూడా చేరతాయి. పిల్లలు నడుమ, తల్లులు చుట్టూ. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది ఊరికే జరిగిపోదు. బంధువులు, వేసవిలో ఒకదానికొకటి పేలు చూసుకున్న స్నేహితులు చలికి దగ్గరవుతారు. ఎవరితోనూ పొత్తులేని కోతి అంచున ఉంటుంది. మంచి కాలంలో కట్టుకున్న పొత్తే కష్టకాలంలో కప్పుకునే దుప్పటి.

మరొక సంగతి విని మేమే ఆశ్చర్యపోయాం. జపాన్ ఆల్ప్స్ పర్వతాల్లో కామికోచి అనే లోయ ఉంది. కోతులు బ్రతికే అతి చల్లని చోట్లలో అది ఒకటి. అక్కడి కోతుల పెంటను పరీక్షించిన శాస్త్రవేత్తలు, అవి చలికాలంలో వాగుల్లోని చేపల్ని కూడా తింటున్నాయని 2021లో ప్రకటించారు. అక్కడి వాగుల్లో నేల ఊటల నీరు కలుస్తుంది గనుక చలికాలంలోనూ గడ్డకట్టవు. కోతికి చేప రుచి తెలిసిందంటే ఆ ఆకలి ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఆ వేడినీళ్ళ గుంట దగ్గరికి వద్దాం.

1950ల నాటికి ఆ కొండల మీద, షిగా మెరక ప్రాంతంలో, మంచు మీద జారే ఆటలకు మైదానాలూ, హోటళ్ళూ, రోడ్లూ కట్టడం మొదలైంది. చెట్లు పోయాయి. కోతులు కిందికి దిగాయి. కింద ఉన్నవి ఆపిల్ తోటలు. తరువాత ఏం జరిగిందో మన మండలంలో ఏ రైతును అడిగినా చెబుతాడు. తోటల వాళ్ళు కోతుల్ని చంపడానికి అనుమతి కావాలన్నారు. వాటిని కాపాడాలనుకున్న కొందరు లోయలోనే తిండి పెట్టి, తోటల వైపు పోకుండా అక్కడే నిలిపే ప్రయత్నం చేశారు. ఆ లోయలో ఒక పాత సత్రం ఉంది, దానికి ఆరుబయట వేడినీళ్ళ తొట్టి ఉంది. తిండి కోసం వచ్చిన కోతుల్లో ఒక పిల్లకోతి ఆ నీళ్ళలో దిగిందనీ, దాన్ని చూసి మరో పిల్ల, ఆ తరువాత తల్లులు దిగాయనీ చెబుతారు. మనుషుల తొట్టిలో కోతులు స్నానం చేస్తే సత్రానికి వచ్చేవారు ఊరుకుంటారా? కోతులకు వేరే గుంట కట్టారు. 1964లో ఆ చోటు కోతుల పార్కుగా తెరుచుకుంది. 1970 జనవరిలో అమెరికా పత్రిక 'లైఫ్' ముఖచిత్రంగా మంచుకోతి ఫొటో వేసింది. 1998లో నాగానోలో చలికాలపు ఒలింపిక్స్ జరిగినప్పుడు లోకమంతా చూసింది. ఇప్పుడు మన వాట్సాప్‌లోకి వచ్చింది.

అంటే ఆ గుంట ఒక నష్టానికి మనిషి కట్టిన పరిహారం. అది చెడ్డదని మేము అనడం లేదు. తుపాకీ కంటే తొట్టి మేలు. కాని పరిహారాన్ని చూపించి అదే ఆశీర్వాదం అనడం మాకు నచ్చలేదు. అడవిని ఎవరు తీశారన్న ప్రశ్న ఆవిరిలో కనబడకుండా పోతుంది.

ఆ గుంటలో ఎవరు కూర్చుంటారు అన్నది కూడా చూడాలి. క్యోటో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అక్కడి 12 ఆడకోతుల్ని గమనించి 2018లో ఒక పరిశోధన ప్రకటించారు. స్నానం చేసిన వారాల్లో వాటి శరీరంలో ఒత్తిడిని తెలిపే పదార్థం తగ్గింది. నిజంగానే వేడినీళ్ళు మేలు చేస్తున్నాయి. అయితే గుంపులో పెద్దరికం ఉన్న ఆడకోతులే ఎక్కువసేపు నీళ్ళలో ఉన్నాయి. తక్కువ స్థానంలో ఉన్నవాటికి తక్కువ సమయం దొరికింది. ఫొటో తీసేవాడు గుంటలో ఉన్నవాటినే తీస్తాడు. గట్టు మీద మంచులో కూర్చుని తన వంతు కోసం చూసే కోతి ఫొటోలో ఉండదు. పండుగ విందులో మొదటి బంతి, చివరి బంతి తేడా తెలిసిన మనకు ఇది వివరించనక్కర లేదు.

తిండి పెట్టి నిలపడం అనే ఆలోచన ఎక్కడిదాకా పోతుందో చెప్పడానికి తకసకియామా అనే కొండ ఒకటి చాలు. ఇది దక్షిణాన క్యూషూ దీవిలో, ఓఇతా నగరం దగ్గర ఉంది. అక్కడ పెద్ద మంచు ఉండదు, కాని పాఠం అదే. 1950ల మొదట్లో ఆ కొండ కోతులు రెండు వందల లోపే. రైతుల పంటలు పాడుచేస్తుంటే నగర మేయరు శంఖం ఊది, తిండి చల్లి వాటిని ఒక చోటికి అలవాటు చేశారు. 1953లో పార్కు మొదలైంది, జనం వచ్చారు, డబ్బు వచ్చింది. తిండి సమృద్ధిగా దొరికిన తల్లులు తరచుగా ఈనాయి, పిల్లలు బ్రతికాయి. 1970ల చివరికి కోతులు రెండు వేల దాకా పెరిగాయి. కొండ మీది చెట్లకు బెరడు మిగలలేదు, చుట్టుపక్కల చేలు మళ్ళీ పోయాయి. చివరికి అదే చేతులు తిండి తగ్గించవలసి వచ్చింది.

ఆ దేశంలో కోతుల్ని వేటాడడం 1947లోనే నిషేధించారు. అయినా పంట కాపాడుకోవడానికి అనుమతి తీసుకుని ఈనాడు ఏటా పదివేలకు పైగా కోతుల్ని చంపుతున్నారు. ఒకే దేశం, ఒకే జాతి కోతి. ఒకటి గుంటలో కూర్చుంటే ప్రపంచమంతా చేతులు జోడిస్తుంది, ఇంకొకటి చేనులో కనబడితే బోను. దీన్ని కపటం అని కొట్టిపారేయడం తేలిక. కాని ఆరుగాలం కష్టపడ్డ రైతుకు కోతి ఫొటో అన్నం పెట్టదు గదా.

అక్కడి పల్లెల్లో ఇది ముదరడానికి కారణాలు వింటే మన ఊరి సంగతే చెబుతున్నట్టుంటుంది. యుద్ధం తరువాత ఇళ్ళ కట్టుబడికి కలప కావాలని, గింజలూ పండ్లూ ఇచ్చే అడవిని కొట్టేసి దేవదారులాంటి సుగి చెట్లు వరుసల్లో నాటారు. పచ్చగా కనబడుతుంది, కోతికి అందులో తినడానికి ఏమీ లేదు. మన దగ్గర జామాయిల్ తోటల్ని చూసి అడవి అనుకున్నట్టే. పల్లెల్లోంచి యువకులు పట్నాలకు పోయారు, మిగిలింది ముసలివాళ్ళు. పెరట్లో పర్సిమన్ పండ్లు కోసేవారు లేక చెట్టునే మాగిపోతుంటే కోతులకు అదొక పిలుపు. కుక్కల్ని గొలుసులతో కట్టేస్తున్నారు. దీనికి విరుగుడుగా నాగానోలోనే ఓమాచి పట్టణం వారు 2005లో ఊరి కుక్కలకు శిక్షణ ఇచ్చి, కోతుల్ని అడవి అంచుదాకా తరిమి వెనక్కి వచ్చేటట్టు నేర్పారు. చంపడం లేదు, మేపడం లేదు. ఇక్కడ నీ హద్దు అని చెప్పడం. కోయనివారి చెట్ల పండ్లు ఊరంతా కలిసి కోసేయడం, చేనుకూ అడవికీ నడుమ పొదలు కొట్టి ఖాళీ జాగా ఉంచడం కూడా అక్కడి చాలా ఊళ్ళలో చేస్తున్నారు. మాకు ఆ గుంట కంటే ఈ పనే ఎక్కువ నచ్చింది. ఇది ఫొటోకు ఎక్కదు, అంతే.

మంచులో బ్రతికే మరో కోతి గురించి రెండు మాటలు, ఎందుకంటే దాని పేరులో ఒక మిషనరీ ఉన్నాడు. చైనాలోని యున్నాన్ కొండల్లో, మెకాంగ్, యాంగ్‌ట్సీ నదుల పైపాయల నడుమ, నల్లటి తెల్లటి బొచ్చు, గులాబిరంగు పెదవులు, పైకి తిరిగిన చప్పిడి ముక్కు గల కోతి ఉంది. మూడు వేల మీటర్లకు పైన, కొన్నిచోట్ల నాలుగు వేలు దాటి కూడా తిరుగుతుంది. 1890లో అక్కడ సేవచేస్తున్న ఫ్రెంచి కాథలిక్ మిషనరీల ద్వారా దాని చర్మాలు పారిస్ చేరాయి. 1897లో దానికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఫెలిక్స్ బియే అనే బిషప్పు పేరు చేర్చారు. అంతకు ముందు 1869లో పాండానూ, బంగారు బొచ్చు మంచుకోతినీ పడమటి లోకానికి తెలియజేసింది కూడా ఆర్మాన్ దావీద్ అనే పాదిరిగారే. వాక్యం చెప్పడానికి వెళ్ళినవారు చెట్టూ చేమా కూడా కళ్ళారా చూశారు. ఇలాంటివి సేవకుల శిక్షణలో ఎవరూ చెప్పరు, చెబితే బాగుండునని మా కోరిక.

ఈ కోతికి చలికాలపు తిండి ముసలి ఫర్ చెట్ల కొమ్మలకు గడ్డంలా వేలాడే లైకెన్. అది చాలా మెల్లగా పెరుగుతుంది. చెట్టు కొట్టేస్తే తిరిగి మొక్క నాటవచ్చు, ఆ గడ్డం మళ్ళీ రావడానికి ఒక తరం పడుతుంది. 1983లో అక్కడ బైమా మంచుకొండ అభయారణ్యం ఏర్పడింది. కాని దాని పక్క అడవుల్లో నరుకుడు సాగుతూనే ఉంది, ఎందుకంటే ఆ తాలూకాకు కలప అమ్మకమే ప్రధాన ఆదాయం. 1995లో షీ జీనోంగ్ అనే ఫొటోగ్రాఫరు ఆ నరికివేత గురించి పై అధికారులకు ఉత్తరం రాసి, తాను తీసిన కోతుల దృశ్యాలతో దేశమంతా చర్చ లేపాడు. 1998లో యాంగ్‌ట్సీ వరదల తరువాత ఆ ప్రాంతంలో సహజ అడవుల నరికివేతే నిషేధమైంది. ఒకప్పుడు రెండు వేల లోపు ఉన్నాయనుకున్న ఆ కోతులు ఇప్పుడు మూడు వేలు దాటాయి. పూర్వం వేటాడిన లీసు గిరిజనుల్లో కొందరు నేడు వాటి కాపలాదారులు. వీటికి అక్కరకు వచ్చింది నిలబడి ఉన్న చెట్టు.

ఇక మన ఊరికి వస్తాం. మన కోతులూ, జపాన్ మంచుకోతీ మకాకా అనే ఒకే ప్రజాతికి చెందినవి, దాయాదులు. మన దక్షిణాదిది పొడుగు తోక కోతి. ఉత్తరాది రీసస్ కోతి గోదావరి దాటి దిగువకు వస్తూ దాని చోటు ఆక్రమిస్తోంది. మన పొలాల్లో వేరుశనగ, మొక్కజొన్న, కూరగాయలు మానేసి పత్తి వేసుకుంటున్న కుటుంబాలు మన సంఘంలోనే ఉన్నాయి. ఇంటి పెంకులు పోయినవారున్నారు, పిల్లను కరిస్తే సూదుల కోసం తిరిగినవారున్నారు. ఈ బాధ తెలియనివారు కోతుల మీద దయ గురించి ప్రసంగాలు చేయకుండా ఉంటే మంచిది.

అయినా రెండు మాటలు స్పష్టంగా చెబుతాం. మొదటిది, అరటిపండులో మందు పెట్టే ఆలోచన. ఒక కూడికలో ఒకరు మెల్లగా అడిగారు గనుక రాస్తున్నాం. వద్దు. అది కోతి ఒక్కటే తినదు. కుక్క, కాకి, నెమలి, ఆడుకుంటున్న పిల్లవాడు, ఎవరి చేతికైనా రావచ్చు. చచ్చిన పదింటి చోటికి తిండి ఉన్నంతకాలం మరో గుంపు వస్తుంది.

రెండవది, తిండి పెట్టడం. ఇక్కడ మాతో చాలామంది ఏకీభవించరని తెలుసు. "ఆకలిగొన్న ప్రాణికి బిస్కెట్ వేస్తే తప్పా అయ్యగారూ?" అంటారు. ఆ మనసు మంచిదే. కాని ఘాట్ రోడ్డు మలుపులో బస్సు కిటికీలోంచి విసిరిన బిస్కెట్ ఆకలిగొన్నదానికి అందదు. గుంపులో బలమైనది లాక్కుంటుంది, పిల్లను చంకనేసుకున్న తల్లి రోడ్డు మధ్యకు పరుగెత్తి టైర్ల కింద పడుతుంది. మనిషి చేతిలో సంచి అంటే తిండి అని నేర్చుకున్న కోతి మర్నాడు బడికి పోయే పిల్ల సంచి లాగుతుంది. అడవిలో ఆకూ కాయా వెదుక్కునే విద్య దాని పిల్లకు రాదు. షిమోకితాలో బెరడు నమిలి చలికాలం దాటే దాయాదిని చూశాక, మన కోతి పార్లే-జీ లేకపోతే చచ్చిపోతుందని మేము నమ్మం.

సొలొమోను దగ్గరికి తర్షీషు ఓడలు తెచ్చే సరుకుల్లో బంగారం, దంతాలతో పాటు కోతులు కూడా ఉన్నాయని 1 రాజులు 10వ అధ్యాయంలో చదువుతాం. అంతఃపురంలో వాటికి తిండికేమీ కొదువ ఉండి ఉండదు. వాటి అడవి మాత్రం ఓడ ఎక్కి రాలేదు.

మన మందిరంలో ప్రేమవిందు అయ్యాక విస్తరాకులు గొయ్యి తవ్వి పూడ్చడం రెండేళ్ళుగా చేస్తున్నాం. యౌవనస్థులు దాన్ని ఇప్పుడు మర్చిపోకుండా చేస్తున్నారు, వారికి మా కృతజ్ఞతలు. ఈ జూన్‌లో తొలి వానలు పడగానే చెరువు వెనక గుట్ట మీద నేరేడు, మేడి, మర్రి, రావి, సీమచింత మొక్కలు పెట్టాలని పెద్దలతో మాట్లాడాం. గుట్ట పంచాయతీది గనుక సర్పంచి గారి ఒప్పుదల అడిగాం, వారు సరే అన్నారు. మొక్కలకు రెండు వేసవులు నీళ్ళు పోసే బాధ్యత తీసుకునే కుటుంబాలు పేర్లు ఇవ్వండి. ఇప్పటికి తొమ్మిది పేర్లు వచ్చాయి, ఇరవై కావాలి. వాయిస్ మెసేజ్ పెట్టిన పెద్దాయన అందరికంటే ముందు ఇచ్చారు.

వచ్చే నెల కన్వెన్షన్‌కు రెండు బస్సుల్లో బయలుదేరుతున్నాం. ఘాట్ ఎక్కేముందు కిటికీలు మూయమని డ్రైవర్లకు చెప్పాం. బిస్కెట్ ప్యాకెట్లు పిల్లల సంచుల్లో అడుగున పెట్టండి.